మా అత్తగారి కేకకు వెలిగిన అయిదు

నిన్న గ్యాసు బుక్ చేద్దామని ఫోను చేస్తే రికార్డు గొంతు ఒకటి నొక్కమంది. నొక్కగానే వచ్చిన కీచుమోతకి మా చిన్న తోడికోడలు గుర్తొచ్చింది. ఆమె గుర్తొస్తే ముందు నాకు ఒళ్లు మండుతుంది, సిగ్గు తర్వాత వస్తుంది.

ఎనభైల చివర్లో నేను అద్దంకి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. "హలో" అన్న ఒక్క ముక్కకే అవతల ఉన్నది ఏ పత్తి వ్యాపారో చెప్పేసేదాన్ని. మా అత్తగారు ఆ సంగతి ఊరంతా చెప్పుకుని మురిసేవారు, మా మరిది బెంగుళూరులో ఇంజనీరు పిల్లను చేసుకునేదాకా. ఆ పిల్ల మాటల్ని అంకెలుగా మార్చి, కుదించి, నలుగురి మాటలు ఒకే తీగమీద పంపే పని చేసేదట. పైగా ఫోను బటన్ మోత విని, అది ఏ అంకో చెప్పే పెట్టె కూడా తయారు చేసింది. అంటే నా చెవి చేసే పనే. నాకెలా ఉంటుంది మరి?

మిరపకోతలప్పుడు ఆ పెట్టెతో ఊరొచ్చింది. మరో వారంలో దాన్ని పైఅధికారులకు చూపించాలి, వాళ్లు మెచ్చితేనే ఉద్యోగం ఖాయం. ముందు అత్తగారి మాటల్ని నాలుగో వంతుకు కుదించి వినిపించింది. జలుబు చేసినట్టున్నా గొంతు ఆవిడదే. తర్వాత మైకు పెట్టి, తను తెచ్చిన ఫోను బటన్లు నొక్కితే, నొక్కిన అంకె నొక్కినట్టే పెట్టెమీద ఎర్రగా వెలిగింది.

"ఏమ్మాయ్, నీ చెవికన్నా ఈ పెట్టే నయంగా ఉందే" అన్నారు అత్తగారు. పైకి మాత్రం నవ్వాను.

తోడికోడలు కాఫీ కలపడానికి లోపలికెళ్లింది. వాకిట్లో కూలీలు కాయలకు తొడిమలు తీస్తున్నారు. అత్తగారు వసారాలోంచే, "ఏమేవ్, తాలుకాయ వేరే పొయ్యమన్నానా" అని సాగదీసి కేకేశారు. పెట్టెమీద అయిదు వెలిగింది. బటన్ ఎవరూ నొక్కలేదు. ఇంకోసారి కేకేశారు, మళ్లీ అయిదే. మనిషి గొంతును బటన్ మోత అనుకుంటోందని నాకు తెలిసిపోయింది. అత్తగారి చూపు కాయల మీదే ఉంది. కాఫీ అందిస్తూ ఆ పిల్ల, "ఎలా ఉందక్కా?" అనడిగింది. బ్రహ్మాండంగా ఉందన్నాను.

నెలకి ఉత్తరం వచ్చింది. అధికారుల్లో ఒకాయన గట్టిగా నవ్వితే పెట్టె అంకెలు చూపించిందట, ఉద్యోగం ఖాయం చెయ్యలేదట. "నీకు తెలియని గొంతుండదు కదక్కా, అక్కడ ఇలాంటిదేమైనా గమనించావా?" అని రాసింది. లేదని కార్డు రాసి పడేశాను.

ఏడాదంతా కూర్చుని ఆ తప్పేదో తనే సరిచేసుకుంది, ఇంకోచోట ఉద్యోగమూ తెచ్చుకుంది. ఇప్పటికీ నన్ను నోరారా అక్కా అంటుంది. ఆమెకు పోయింది ఒక్క ఏడాదే, నాకు మాత్రం ఆ ఏడాది ఇంకా గడవలేదు.