పాప పేరుతో నేను చదివిన పాఠాలు

పన్నెండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇక ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. తమిళనాడులో ధర్మపురి చుట్టుపక్కల పొలాలను గొలుసు పట్టి కొలిచినవాణ్ణి. కొలత పుస్తకంలో ఒక అంకె దిద్దితే పక్కన సంతకం పెట్టేవాణ్ణి. ఇరవయ్యో ఏట మొదలుపెట్టిన డైరీ ఈనాటికీ ఆపలేదు. ఇంత జాగ్రత్త ఉన్నవాణ్ణి ఒక పిల్ల చదువు దగ్గర అలా ఎందుకు చేశాను?

ఆ పిల్ల నా కొడుకు కూతురు. ఇంట్లో పాప అని పిలిచేవాళ్ళం. అప్పుడు మూడో క్లాసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆ మూడోది చదవడం దానికి పట్టుబడలేదు. మా వీధికి బ్రాడ్‌బ్యాండు వచ్చిన ఏడాది కొడుకు కంప్యూటరు కొని, పిల్లలకు చదవడం నేర్పే ఒక ఆన్‌లైన్ పాఠంలో దాన్ని చేర్పించాడు. తెర మీద చిన్న కథ వస్తుంది. చదివి, కింద అడిగిన ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. ఒప్పయితే నక్షత్రాలు. నక్షత్రాలు చేరితే పై మెట్టు, ఇంకాస్త కష్టమైన కథ. పాప ఏ మెట్టులో ఉందో వారం వారం కొడుకుకు ఈమెయిలు వెళ్ళేది. వాడి ఉద్యోగం హోసూరులో, శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్ళేవాడు. కోడలు నర్సు, ఆమెకు సాయంత్రం డ్యూటీ. రోజూ అరగంట పాప పక్కన కూర్చోవడం నా పని.

మొదటి వారంలోనే నేనొకటి గమనించాను. పాప మాటలో మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించేది. వరుసలు దాటిపోయేది. వేలు ఒకచోట, చూపు ఒకచోట ఉండేవి. ఇది బద్ధకం కాదు, మరేదో ఉందని నాకు అనిపించింది. శనివారం కొడుకుతో చెబుదామనుకున్నాను.

శుక్రవారం పాప ఏడ్చింది. కథ సగంలో ఉంది, కరెంటు పోయే వేళ దగ్గర పడుతోంది. పోనీలే అని మౌసు నేను తీసుకుని అన్ని ప్రశ్నలకూ జవాబులు నొక్కేశాను. మరునాడు కొడుకు బస్సు దిగి వస్తూనే పాపను ఎత్తుకున్నాడు. మెట్టు ఎక్కిందట. వాడి ముఖంలో అంత సంతోషం చూసి చాలాకాలమైంది. నేను చెప్పదలచుకున్నది చెప్పలేదు.

సోమవారం వచ్చిన కథ మరీ కష్టం. ఆ కథ పాపను బట్టి వచ్చింది కాదు, నా జవాబులను బట్టి వచ్చింది. అందులో ఒక్క వరుస కూడా అది దాటలేకపోయింది. మళ్ళీ నేనే నొక్కాను. మొదటి మెట్టు నుంచి తిరిగి మొదలుపెట్టడానికి ఒక బటను ఉండేది. అది ఎక్కడుందో నాకు తెలుసు. నొక్కలేదు.

ఇంతటితో ఆపితే జాలి వల్ల చేశానని మీరనుకుంటారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. జాలి మొదటి వారమే. ఆ తరువాత నాకు అది ఇష్టమైంది. నా ఇంగ్లీషు హద్దులకు, విస్తీర్ణాలకు, దరఖాస్తులకు సరిపోయే ఇంగ్లీషు. ఆ భాషలో ఒక కథ చదవగలనని నాకే తెలియదు. తిమింగలాల గురించి, మంచు కురిసే ఊళ్ళ గురించి చదివాను. నక్షత్రం మోగితే ఒళ్ళు పులకరించేది. నాలుగు గంటల నుంచే గడియారం చూసేవాణ్ణి. పాప పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ నన్ను మూడో క్లాసు తాత అని వెక్కిరించేది. ఏడుపు తప్పినందుకు దానికీ సంతోషమే. దాని అరగంటను నేను పది నెలలు తిన్నాను.

ఆ రోజుల డైరీ మొన్న తీసి చూశాను. ప్రతి రోజూ ఒకటే మాట: పాప కంప్యూటరులో చదివింది, ఫలానా మెట్టు. డైరీ తెలుగులోనే రాస్తాను, ఆ అక్షరాలు నాకు మా నాన్న నేర్పాడు. నా తరువాత ఇంట్లో ఎవరికీ అవి రావు, అందరివీ తమిళ, ఇంగ్లీషు చదువులే. నిజం రాసి బల్ల మీద తెరిచి పెట్టినా ఎవరూ చదవలేరు. అయినా అబద్ధమే రాశాను. ఎవరి కోసం రాశాను?

ఏడాది చివర టీచరు కొడుకును పిలిపించి, పిల్లకు ఒక్క వరుస కూడా చదవడం రావడం లేదని చెప్పింది. వాడు ఇంటికి వచ్చి, అచ్చు తీయించి దాచుకున్న ఈమెయిళ్ళన్నీ బల్ల మీద పరిచాడు. పాపను ఎదురుగా నిలబెట్టాడు.

"ఇంట్లో ఇంత బాగా చదివేదానివి, టీచరు ముందర నోరు ఎందుకు తెరవవు? ఈ జవాబులన్నీ తాత చెప్పిచ్చినాడా?"

పాప నా వైపు చూసింది. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకోసాగాను.

"లేదప్పా. నేనే చదివినా."

"అట్లయితే ఇది అడం. వట్టి మొండితనం. హాస్టల్లో వేస్తేనే దారికొస్తావు." వాడు నా వైపు తిరిగాడు. "ఏమంటావు నాయనా?"

"నీ ఇష్టంరా," అన్నాను.

ఎనిమిదేళ్ళ పిల్ల నన్ను కాపాడింది. నేను దాన్ని పంపించేశాను.

సేలం అవతల ఒక హాస్టలు. పాప కంటే ముందే మొండిదన్న పేరు అక్కడికి చేరింది. నిలబెట్టి చదివించేవారట, చదవలేకపోతే భోజనాల గంట దాకా నిలబడే ఉండాలట. సెలవులకు వచ్చినప్పుడు ఇవి వాళ్ళమ్మకు చెప్పింది, నాకు చెప్పలేదు. పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు తప్పింది. తరువాత చదువు మానేసింది.

ఇప్పుడు మా ముందు గదిలో రవికెలు కుడుతుంది. పని బాగుంటుందని కంబైనల్లూరు నుంచి కూడా వస్తారు. దాని కొలతల నోటుబుక్కు ఒకరోజు చూశాను. అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. పేర్లుండవలసిన చోట బొమ్మలు. ఒకామెకు చిలుక, ఒకామెకు గొడుగు.

పోయిన నెల ఎవరో ఎంతవరకు చదివావని అడిగారు. చిన్నప్పటి నుంచి తనది అడమేనని, చదవమంటే చదవలేదని పాప నవ్వుతూ చెప్పింది. నేను అక్కడే పేపరు పట్టుకుని కూర్చున్నాను. అది నిజమని నమ్ముతోందా? లేక నేను వింటున్నానని అలా అన్నదా? ఏది నిజమైనా నాకు తలెత్తుకునే దారి లేదు.

ఆ పిల్ల మొండిది కాదు. దానికి చదవడం కష్టమైంది. ఆ సంగతి అందరికంటే ముందు తెలిసినవాణ్ణి నేను. ఆ ఈమెయిళ్ళలోని తొమ్మిది మెట్లూ ఎక్కింది నేను. కొడుకుతో ఈ మాట నోటితో చెప్పగలనా? రోజూ పొద్దున అనుకుంటాను. ఇంతవరకు చెప్పలేదు.

మీకు చెప్పాను. గుండె కొంచెం తేలికైంది. ఈ తేలిక కూడా నాకే దక్కింది, పాపకు కాదు.