స్పీకర్లకు సంబంధాలు చూసిన మరిది

మరిదికున్న జబ్బు ఒకటే. పాట మోగుతుంటే అతనికి పాట వినబడదు. ఆంప్లిఫయర్‌కీ స్పీకర్లకీ పొత్తు కుదిరిందా లేదా అన్నదే వినబడుతుంది. ఒకసారి చావింటికి పరామర్శకు వెళ్ళి, ఏడుస్తున్నవాళ్ళను ఓదార్చడం మాని, మూలనున్న స్పీకరు ఆయాసపడుతోందని దాని వెనక కూర్చున్నాడు.

ఆ చావిల్లు పరాయిది. తర్వాతిది సొంత అన్నయ్యది.

భర్త పోయాక ముందుగదిలోని ఆయన స్పీకర్లు రెండూ వదినకు తిష్ఠ వేసిన చుట్టాల్లా కనబడేవి. మాట్లాడవు, వెళ్ళవు. ఆంప్లిఫయర్ అంటే అలమరలో పడుంటుంది, కళ్ళెదుటి ఈ రెండూ అమ్మెయ్యమంది. మంచి చోట ఇస్తానన్నాడు మరిది.

మొదట మందుల షాపాయన వచ్చాడు. పిల్లనిచ్చేవాడిలా మరిది వాకబు చేస్తే ఆయన ఆంప్లిఫయర్ ఇరవై వాట్లదని తేలింది.

"చాలదండీ."

"చిన్నదైతే స్పీకర్లకే మంచిది కదా?"

"చిన్నదాన్ని గొంతు చించుకునేలా అరిపిస్తే, కాలేది ఇవేనండీ."

తర్వాత వచ్చిన బస్సు డ్రైవరుకు వాట్లు కుదిరాయి, ఓములు కుదరలేదు. ఈ స్పీకర్లు లాగే కరెంటుకు అతని ఆంప్లిఫయర్ కుంపటైపోతుందని చెప్పి గేటుదాకా సాగనంపాడు. వదినకు ఒళ్ళు మండింది. ఇలాగైతే ఆ పెట్టెలు తనతోపాటే కాటికి వస్తాయంది.

ఆదివారం పియానో నేర్పే ఆవిడ వచ్చింది, ఆంప్లిఫయర్‌ను కారులో వేసుకుని మరీ. మరిది దాని వెనక రాసున్నది రెండుసార్లు చదివాడు. గది ఎంతన్నాడు, ఎంత గట్టిగా వింటారన్నాడు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. అతని ముఖం వాడిపోయింది.

ఆవిడ వంగి ఒక స్పీకరు మీద చెయ్యి వేసింది. వేలికి దుమ్ము అంటలేదు. రోజూ తుడుస్తున్నది తనేనని వదినకు అప్పుడే తెలిసినట్టయింది. కిటికీవైపు తిరిగింది.

"వద్దండీ," అన్నాడు మరిది. "లోపల కాయిల్ కాలిపోయింది."

ఆవిడను కారుదాకా దిగబెట్టి, చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"పొద్దున్నేగా వాయించి చూసి, బంగారంలా ఉన్నాయన్నావు?" అంది వదిన.

"ఉన్నాయి."

"మరి ఆ ఇద్దరికీ చెప్పినవి?"

"అవి నిజాలే. ఇవాళే వంక దొరకలేదు. ఎవరు చెయ్యి వేసినా మీరు కిటికీవైపు చూస్తున్నారు వదినా."

 పాపం అంత బరువు మోసుకొచ్చినావిడ ఉత్తచేతులతో పోయిందే అని వదిన నొచ్చుకుంది.

"పోలేదు. మా ఇంట్లోవి ఇస్తానన్నాను. వాటికీ ఆవిడ ఆంప్లిఫయర్ సరిగ్గా సరిపోతుంది."

"మరి నువ్వు?"

"ఇక్కడికొచ్చి వింటాను, మీరు రానిస్తే."

వదిన ముక్కు తుడుచుకుంది. రావచ్చుగానీ చిన్నగా పెట్టాలి, తనకు తలనొప్పి అంది.

మరిది అప్పటికే అలమర ముందు చతికిలబడి, అన్న ఆంప్లిఫయర్‌ను అనుమానంగా చూస్తున్నాడు.

"చిన్నగా విన్నా పాట నిండుగా ఉండాలంటే, ఇంతకంటే పెద్దది కావాలి వదినా."