దిద్దని ప్రార్థన

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా! గొంతు పోయిన పంతులమ్మను ఎప్పుడైనా చూశారా? నన్ను చూడండి! చీపురుపల్లి దగ్గర ఒక పల్లె బడిలో పాఠాలు చెప్పుకునే నాకు ఉన్నట్టుండి మాట పడిపోయింది. జ్వరం లేదు, పుండు లేదు. శ్రీకాకుళం తీసుకెళితే డాక్టరుగారు నోరు తెరిపించి చూసి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేకపోతే మాటేదండీ! డిప్టీ ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చేలోగా గొంతు రాకపోతే ఉద్యోగం మీద ఆశ వదులుకోమని హెడ్మాస్టరుగారు చెప్పేశారు.

అప్పటి నా బ్రతుకు ఎలాంటిదంటే, మా ఆయన రైల్వే గేటు కాపలాకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు, మా అత్త నడుము పడిపోయి మంచాన ఉంది, నేను తెల్లారకముందే నీళ్ళు మోసి, అత్తకు ఒళ్ళు తుడిచి, చంటిదానికి పాలిచ్చి, గంజి తాగీ తాగకా బడికి పరుగెత్తి, మధ్యాహ్నం పిల్లలకు పాలపిండి కలిపి పోసి, సాయంత్రం మళ్ళీ ఇంటికి పరుగు! కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. బడిలో ఉంటే ఇల్లు, ఇంట్లో ఉంటే బడి, మందిరంలో మోకరిస్తే పొయ్యిమీద అన్నం గుర్తొచ్చేది.

ఇంకొక్క మాట. నేను భావనపాడులో సముద్రం మీద చేపల వేటకెళ్ళేవారి బిడ్డను. సెప్పు, సూడు అంటూ, పిల్లల్ని గుంటలంటూ పెరిగిన నోరు నాది. ట్రైనింగులో ఆ నోటిని గిన్నె తోమినట్టు తోమారు. బడిలో పుస్తకం మాట, ఇంట్లో ఇంటి మాట, మందిరంలో “ఓ కృపామయుడవైన దేవా” అని పెద్ద మాట. ఎక్కడికి వెళితే అక్కడి మనిషిని. ఇంతకీ నేనెవరినని నన్ను నేనే అడగడానికి తీరికేదీ!

ఉద్యోగం మానెయ్యమని చుట్టాలందరూ ఒకటే పోరు. నాకా, ఆ బడి అంటే ప్రాణం. ఇల్లూ ప్రాణమే. ఏది వదలను? మనసులో ప్రార్థించబోతే ఆ పెద్ద మాటలు కూడా రాలేదు.

రేపు తనిఖీ అనగా, సాయంత్రం అత్తకు గంజి పోస్తుంటే గిన్నె జారి పక్కంతా ఒలికింది. అక్కడే కూలబడి చప్పుడు లేకుండా ఏడ్చాను. అత్త కొత్తగా ప్రభువును నమ్ముకున్న మనిషి, ప్రార్థన ఎలా చేయాలో ఎవరూ నేర్పలేదు. నా తలమీద చెయ్యి వేసి, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే మొదలుపెట్టింది:

“ఓలయ్యో యేసయ్యా! మా కోడలు గుంట బడిలో ఒకలాగ, ఇంట్లో ఒకలాగ, నీకాడ ఇంకోలాగ మాటాడతాది. ఏ గొంతు ఇయ్యాలో నీకు తెలీకపోతే, మా ఇంటికొచ్చిన రోజు ఏ గొంతుతో వచ్చినాదో అదే ఇచ్చీ నాయనా. నాను లెగలేను, పడుకునే అడుగుతన్నాను, కోప్పడకు.”

నాకు సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఏడుపు మాత్రం ఆగలేదు. “అత్తా! దేవుడితో అలాగేటి మాటాడతావు? ఊరుకో!” అని అరిచాను. అరిచాక గానీ తెలియలేదు, అరిచింది నేనని! “వచ్చీసింది! ఓలమ్మో, గొంతు వచ్చీసింది!” అని అత్త కేకలు. దేవునికే మహిమ!

ఆ రాత్రి గేటు కాపలా నుంచి వచ్చిన మా ఆయనతో ఆ గొంతుతోనే, “రేపట్నించి నీల్లు నువ్వే తేవాల మావా, నావల్ల అవదు” అన్నాను. తెల్లారకముందే ఆయన కావిడి అందుకున్నాడు. మర్నాడు బడిలోనూ అదే గొంతు. ఇదేం భాష అని ఇన్‌స్పెక్టరుగారు అడిగితే, “పుస్తకం మాట కూడా నేర్పుతానండి, ముందర గుంటలకి అర్దమవ్వాల కదండి” అన్నాను. ఆయన పిల్లల పలకలు చూసి, సంతకం పెట్టి వెళ్ళారు. ఉద్యోగం నిలిచింది. పరుగు ఇప్పటికీ ఉంది సహోదరులారా, కాని పరుగెత్తేది ఇప్పుడు ఒక్క మనిషే.

అలసిపోయిన అక్కల్లారా, అన్నల్లారా, మంచి మాటలు దొరికాక ప్రార్థిద్దామని ఆగకండి. ఏ నోటితో ఏడుస్తారో ఆ నోటితోనే ఆయనను పిలవండి, నమ్మండి, వింటాడు. ఈ సాక్ష్యం అచ్చుకు పంపేముందు భాష దిద్దమని మా మందిరం అయ్యగారు చెప్పారు. ఆ గొంతుతో అన్నవి తప్ప మిగతా నా మాటలన్నీ దిద్దాను. అత్త ప్రార్థనైతే అసలే దిద్దలేదు. విన్న దేవుడే దిద్దలేదు, నేనెంతదాన్ని!