చివరి వరసకు వినిపించిన మాట

ఒక ఆడపిల్ల పెళ్ళి చెడిపోవడానికి పనిగట్టుకుని శత్రువులెవరూ రానక్కర్లేదు. ఏడు సీట్ల ఖరీదైన కారు, దాన్ని చూసుకుని మురిసిపోయే అన్నయ్య ఉంటే సరిపోతుంది. ఆ అన్నయ్యను నేనే. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ రోజు మాత్రం మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పటికి కారు కొని నెల కాలేదు. హైటెక్ సిటీలో ఉద్యోగం, పుప్పాలగూడలో ఫ్లాటు, వాటి మీద ఈ కారు. తలుపు తీస్తే చాలు, కింద నుంచి మెట్టు దానంతటదే బయటికి వచ్చేది. పైకప్పంతా అద్దమే. సీట్లు ఎండాకాలంలో చల్లగాలి వదిలేవి, అడిగితే నడుం కూడా నొక్కేవి. చివరి వరసకు ఏసీ వేరే. పక్క ఫ్లాటాయన పార్కింగులో తన చిన్న కారు తుడుచుకుంటుంటే, పనేమీ లేకపోయినా నేను కిందికి దిగి, ఆయన చూసేలా ఆ మెట్టు ఒకసారి తెరిపించి వచ్చేవాణ్ణి. నేనెలాంటి మనిషినో మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

మా చెల్లెలు స్వాతి, తనతో పనిచేసే నవీన్‌ను చేసుకుంటానంది. నాన్న లేరు కాబట్టి అవునన్నా కాదన్నా నేనే అనాలి. ఒక ఆదివారం అమ్మ, నేను, నా భార్య లలిత, స్వాతి కలిసి బోరబండలో వాళ్ళింటికి బయల్దేరాం. అక్కడే వచ్చింది చిక్కు. వాళ్ళ గల్లీలో నా కారు పట్టలేదు. స్కూటర్లు జరిపారు, గడపల ముందు కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు, అయినా పట్టలేదు. కారు సెన్సర్లు నాలుగు వైపుల నుంచీ కీచుకీచుమని మొత్తుకున్నాయి. వీధంతా చూస్తుండగా వెనక్కి తీసి, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచి వెళ్ళాం. నా మొహం మాడిపోయింది. వాళ్ళు వేడివేడిగా సర్వపిండి పెడితే నాకు రుచే తెలియలేదు.

మధ్యాహ్నం భోజనాలు మా ఇంట్లో. వాళ్ళు ముగ్గురు, మేం నలుగురం, సరిగ్గా ఏడుగురం. నవీన్ వాళ్ళ నాన్న రాజయ్యగారు కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ముందు సీట్లో కూర్చోమని తలుపు తీశాను.

"వద్దు బిడ్డా, నేను ఎనుక కూసుంట. ఆడోళ్ళను ముందట కూసోనియ్యి" అంటూ ఆయన చివరి వరసలోకి ఎక్కేశారు. మర్యాదకు స్వాతి కూడా ఆయన పక్కకు వెళ్ళింది. ముందు నా పక్కన లలిత. మధ్య వరసలో అమ్మ, నవీన్ వాళ్ళమ్మ. వాళ్ళిద్దరి నడుమ నవీన్ ఇరుక్కున్నాడు.

"మా కారులో ముందేంటి, వెనకేంటి, అన్నీ ఒకటేనండీ! నా మాట పక్కనున్నట్టే వినిపిస్తుంది. చివరి వరస స్పీకర్లకు మైకు ఉంది" అని తెర మీద నొక్కాను. "వినపడుతోందాండీ?"

"మంచిగ వినవడ్తుంది. రేడియో లెక్కున్నది" అన్నారాయన.

మళ్ళీ నొక్కాను. తెర మీద మ్యాపు వచ్చింది. మైకు ఆగిందనుకున్నాను. నేను సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని. ఈ సంగతి మా ఆఫీసులో ఎవరితోనూ అనకండి.

హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. వెనక అమ్మలిద్దరూ గోంగూర పచ్చడి మీద గట్టిగా వాదించుకుంటున్నారు. ఇదే అదను అనుకుని లలిత వైపు వంగాను.

"ఈ సంబంధం వద్దు."

"ఏమైందండీ? అబ్బాయి బంగారంలా ఉన్నాడు కదా."

"కారు పట్టని గల్లీకి చెల్లెల్ని ఎలా పంపుతాం?"

"కాపురం చేసేది కారా, స్వాతా?"

"నీకు తెలీదు. భోజనాలయ్యాక జాతకాలు కలవలేదని చెప్పేస్తాను. మర్యాదగా ఉంటుంది."

"అసలు జాతకాలు చూపించనే లేదు కదండీ!"

"వాళ్ళకేం తెలుస్తుంది?"

అద్దంలో చూశాను. రాజయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. స్వాతి కళ్ళు తుడుచుకుంటోంది. పాపం, ఏసీ గాలి కళ్ళలో కొడుతోందేమోనని చివరి వరసకు గాలి తగ్గించాను. ఎంత బాధ్యత గల అన్నయ్యనో చూడండి.

ఇంటికి చేరాక స్వాతి నన్ను తన గదిలోకి పిలిచింది.

"అన్నయ్యా, మైకు ఆగలేదు."

"ఏ మైకు?"

"నువ్వు గొప్పగా చూపించిన మైకు. వదిన మాట ఒక్కటీ రాలేదు గానీ, నీవన్నీ వచ్చాయి. ఆయన నా తల మీద చెయ్యి వేసి ఏడవకు బిడ్డా అన్నారు. నువ్వనాల్సిన మాట ఆయన అన్నారు అన్నయ్యా."

చెల్లెలి మొహంలోకి చూడలేకపోయాను. బయట రాజయ్యగారు భోజనానికి చేతులు కడుక్కుంటున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఇగ చెప్పు బిడ్డా, జాతకాల సంగతి" అన్నారు.

తువ్వాలు అందించాను. ఆయన చేతులు తుడుచుకున్నారు.

"మా గల్లీ ఇరుకే. కాదంటలేను. కని మీ చెల్లె నవ్వుకుంట నడిచొచ్చింది. ఆమెకేం ఇరుకు కాలే. నీ కారుకే అయింది."

"తప్పయిపోయిందండీ. క్షమించండి" అన్నాను. ఏ మైకూ అవసరం లేకుండా ఇల్లంతా వినపడింది. సంగతేమిటో తెలియని అమ్మ గరిటెతో సహా బయటికి వచ్చింది.

"ఫికర్ చెయ్యకు. అన్నం సల్లారుతుంది, రా" అని ఆయనే నా భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళారు.

పెళ్ళయింది. అప్పగింతలయ్యాక కొత్త దంపతులను నేనూ లలితా అదే కారులో బోరబండకు తీసుకెళ్ళాం. రాజయ్యగారు మళ్ళీ చివరి వరసలోనే, కొడుకును మధ్య వరసకు పంపి, కోడలిని పక్కన పెట్టుకుని కూర్చున్నారు. బుద్ధిగా గల్లీ మొదట్లోనే ఆపాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది.

"బిడ్డా, జర ఆ మైకు పెట్టు. చెల్లెకేమన్న చెప్పేదుంటే చెప్పు."

పెట్టాను. చెప్పాల్సింది చాలా ఉంది. వెక్కిళ్ళు తప్ప మాట రాలేదు.

ఆయనే అన్నారు: "మంచిగ వినవడ్తుంది."

ఆ స్టీరింగు మీద చెయ్యి వేసి అప్పుడే ప్రమాణం చేశాను. ఇకపై మనుషులను నా కారు వెడల్పుతో కొలవను. ఒకవేళ కొలిచినా, మైకు ఆపి కొలుస్తాను. రెండో సగం లలిత అక్కడికక్కడే కొట్టేయించింది.