కడుపునొప్పి అని చెప్పిన ఆరు వారాలు

మొన్న బీపీ చూపించుకోవడానికి మనవరాలు నన్ను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయింది. కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పుడూ చేతకాలేదు, తొంభై దాటాక కూడా రాలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే, చీటీలు రాసే బల్ల దగ్గర పాతికేళ్ల పిల్ల ఒకతె కనిపించింది. ఏమైందమ్మా అని అడిగిన అబ్బాయికి ఏదో చెప్పబోయి, వెనక నిలబడ్డ మగవాళ్లను ఒకసారి చూసి, కడుపునొప్పి అని మెల్లగా అనేసి తల దించుకుంది. నేను ఆగలేక ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, అసలు సంగతేమిటో చెప్పు తల్లీ అన్నాను. ఆమె బెదిరిపోయింది, నీకెందుకు నానమ్మా ఊరుకో అని మనవరాలు నన్ను లాక్కుపోయింది. ఇంటికి వచ్చినా మనసు నిలవలేదు, అన్నం ముందు కూర్చుని రెండుసార్లు లేచాను. నా ఈడువాళ్లకు ఆ మాట వెనక ఏముంటుందో విడమరచి చెప్పనక్కర్లేదు, అయినా ఇవాళ చెప్పకుండా ఉండలేను.

అప్పటికి నిజాం రాజ్యం ఇంకా పోలేదు, నాకు పదహారేళ్లు. సూర్యాపేటను మేము పేట అనేవాళ్లం, మా ఊరు అక్కడికి రెండు కోసుల దూరం. మా మాలవాడలో ఇంటికి ఇద్దరు ఆడవాళ్లు దొర పొలానికి వెట్టికి పోవాలి, కూలి ఇవ్వరు, రాలేమంటే వినరు. నాన్న లేడు, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కనుక అమ్మా నేనూ పోయేవాళ్లం. ఆ వానాకాలం మా అక్క కోదాడ దగ్గరి అత్తగారింటి నుంచి మూడో కాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. సరిగ్గా నాట్లు పడే రోజుల్లో అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. దొర మనిషి వచ్చి గుమ్మం ముందు కర్ర ఆనించి నిలబడ్డాడు, పన్నెండో నాటి బాలింత చీర ఎగ్గట్టి నా వెంట నడిచింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది, ఆనాడు మాత్రం ఆ వాడలో ఎవరికీ అది వింతగా తోచలేదు.

మోకాలిలోతు బురదలో నారు కట్టలు మోసి మోసి మూడో రోజు మధ్యాహ్నం అక్క గట్టు మీద కూలబడింది. దగ్గరికి పోతే నా చెవిలో చెప్పింది, గర్భసంచి కిందికి జారిందని, తగ్గిన నెత్తురు మళ్లీ మొదలైందని. అమ్మ తనకు తెలిసిన కషాయాలన్నీ కాచి పోసింది, పొత్తికడుపుకు గుడ్డ బిగించి కట్టింది. పది రోజులైనా గుణం కనపడకపోయేసరికి, పేటలో మందు పోసే చోటికి తీసుకుపొమ్మని నన్ను పంపింది. పంపుతూ పంపుతూ గుమ్మంలో ఆపి గట్టిగా చెప్పింది. "కడుపునొప్పని చెప్పు, గంతే. ఆడిదాని లోపటి ముచ్చట బజార్ల పెడ్తమా? రేపు నీ లగ్గం గావాలె, యాదుంచుకో."

నా లగ్గం సంగతి ఏమిటంటే, బావకు వరుసకు తమ్ముడయ్యే పిల్లవాడితో కోదాడ దిక్కున మాట నడుస్తున్నది. అతన్ని నేను ఒకేసారి చూశాను, అదీ వెనక నుంచి, అయినా ఆ వీపు నాకు బాగానే నచ్చింది. నవ్వకండి, పదహారేళ్ల పిల్లకు వీపు చాలు.

ఆ దవాఖాన ఎట్లా ఉండేదో చెప్పాలి. కంపౌండరు లోపల ఉండేవాడు, పై కులాలవాళ్లు అరుగెక్కి బల్ల మీద కూర్చుని నాడి చూపించుకునేవాళ్లు. మావాళ్లు మాత్రం పక్కగోడ కిటికీ కింద ఎండలో వరుస కట్టాలి, ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. మన వంతు వచ్చినప్పుడు రోగమేమిటో కిటికీలోకి కేక వేసి చెబితే, ఆయన మనిషిని ముట్టకుండా, మొహం కూడా చూడకుండా, గరాటు పెట్టి పైనుంచి సీసాలో మందు పోసేవాడు. నాడి లేదు, నాలుక చూడడం లేదు, మన నోటి మాటే మన రోగం. ముందూ వెనకా మగవాళ్లు చెవులు నిక్కించి నిలబడి ఉంటే ఏ ఆడది ఏం చెబుతుంది! వైద్యుని దగ్గరా వకీలు దగ్గరా దాచకూడదంటారు, దాచకుండా చెప్పే చోటు ముందు ఉండాలి కదా.

నేను కడుపునొప్పి అని అరిచాను. ఆయన ఎర్రమందు పోసి, పప్పు, కారం, నీచు అన్నీ బంద్ చేసి ఉత్త జావ తాగించమన్నాడు. వారం వారం పోయాం, వారం వారం అదే మాట అరిచాను, అదే ఎర్రమందు తెచ్చాం. అమ్మ ఆ పథ్యాన్ని ఎంత నిష్ఠగా నడిపిందంటే, వాడలో ఎవరింట్లోనో మాంసం వండితే ఆ వాసన తగలకుండా అక్కను వెనక్కి కూర్చోబెట్టేది. నెత్తురు పోయే మనిషి, చంటిదానికి పాలిచ్చే మనిషి, ఆరు వారాలు జొన్నజావ మీద బతికింది. పెదవులు పాలిపోయాయి, గోళ్లు తెల్లబడ్డాయి, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. చంటిది పాలు చాలక రాత్రీ పగలూ ఏడ్చేది. నాకు మాత్రం కాలు ఒకచోట నిలిచేది కాదు, నీళ్లకని పోయి నీళ్లు లేకుండా వచ్చేదాన్ని. చేస్తున్నది తప్పని నాకు తెలుసు, తెలిసే చేశాను. సిగ్గు నాది, ప్రాణం అక్కది.

ఆరో వారం నడవలేదని ఎవరిదో బండి అడుక్కుని పడుకోబెట్టి తీసుకుపోయాం. ఆనాడు మా వెనక వరుసలో ఎవరున్నారనుకున్నారు? కోదాడ పిల్లవాడి మేనమామ! పేట మార్కెట్‌కు బండి తోలుకొచ్చి, కాలికి లేచిన గడ్డకు మందు తీసుకుందామని వచ్చాడట. నన్ను చూసి తలపాగా సర్దుకుని నవ్వాడు. వంతు రాగానే ఎప్పటికన్నా గట్టిగా కడుపునొప్పి అని అరిచాను. కిటికీ కింద నేల మీద కూర్చున్న అక్క చంటిదాన్ని నా చేతిలో పెట్టి, కిటికీ చువ్వలు పట్టుకుని లేచింది. ఈసారి తనే లోపలికి కేక వేసింది.

"కడుపునొప్పి గాదయ్యా! నాకు గర్భసంచి జారింది. రెండు నెలల సంది నెత్తురు ఆగుతలేదు. గీ ఎర్రనీళ్లు తాగి సచ్చిపొమ్మంటవా? నా బిడ్డకు పాలెవరిస్తరు?"

కంపౌండరు గరాటు పక్కన పెట్టి మొదటిసారి కిటికీలోంచి బయటికి తొంగి చూశాడు. "మరి గిన్ని దినాలు కడుపునొప్పని ఎందుకు చెప్పిర్రు? నేను కడుపుల జొచ్చి సూసిన్నా?" అని మొదట కసిరాడు. తరువాత ఆమె మొహం చూసి ఏమనుకున్నాడో, అది తన చేతిలో పని కాదని, మిర్యాలగూడకు ఒక ఆడ డాక్టరమ్మ వచ్చి పోతుంటుందని చెప్పి, కాగితం మీద రెండు ముక్కలు గీకి కిటికీలోంచి జారవిడిచాడు. నేను తిరిగి చూసేసరికి మేనమామ వరుసలో లేడు. గడ్డకు మందు తీసుకోకుండానే కుంటుకుంటూ పోయాడు.

ఆ బండి మీదనే నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడకు పోయాం. కాలువలు లేని కాలం అది, దారి పొడుగునా బీడు, ఎద్దులు ఎంతకీ నడవవు. బండిలో కూర్చోలేక నేను సగం దూరం నడిచాను. అక్క ఊపిరి తీస్తున్నదా లేదా అని నడుస్తూనే మాటిమాటికీ లోపలికి వంగి చూశాను. డాక్టరమ్మ బెజవాడ దిక్కు మనిషి, తలుపు వేసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. అక్క కనురెప్ప దించి చూసింది, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. ఒక డాక్టరు మా ఇంటి మనిషిని ముట్టుకోవడం నేను చూసింది అదే మొదలు. జారిన సంచిని సర్ది, నిలవడానికి రబ్బరు ఉంగరం పెట్టి, మందులిచ్చి, పథ్యం మాట వినగానే నా మీద మండిపడింది. "జావ తాగించి చంపుతారటే దీన్ని! పప్పు పెట్టండి, మునగాకు పెట్టండి, దొరికితే మేక కార్జం పెట్టండి. ఇంకో వారం ఆగి వస్తే నేను చేసేది కూడా ఏమీ ఉండేది కాదు."

అక్క బతికింది. నాలుగు నెలలకు మొహం మీదికి నెత్తురు వచ్చింది, చంటిదీ దక్కింది. కోదాడ సంబంధం మాత్రం, ఆ ఇంటి ఆడవాళ్లకు గర్భసంచి రోగముందట అనే మాటతో తెగిపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నేను అక్క మీద అలిగాను. ప్రాణం దక్కించుకున్న మనిషి మీద! ఆమె అత్తగారింటికి పోయేనాడు కూడా సరిగా మాట్లాడలేదు. ఆ తరువాత డాక్టరమ్మ దగ్గరే ఆయాగా చేరి, నర్సు పని నేర్చుకుని, ముప్పై ఏళ్లు ఆడవాళ్ల రోగాలు అడిగి అడిగి రాబట్టాను. పెళ్లి కూడా ఆలస్యంగా అయినా మంచివాడితోనే అయింది.

చాలా ఏళ్లకు, ఇద్దరికీ జుట్టు నెరిశాక, ఒకనాడు అక్క దగ్గర కూర్చుని అడిగాను, ఆరు వారాలు ఆ కిటికీ కింద ఎందుకు నోరు మూసుకున్నావు, నేను సిగ్గుపడితే పడ్డాను, నీ ప్రాణం నీకు తీపి కాలేదా అని. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తకుండానే చెప్పింది. "నీ లగ్గం కుదిరేదాక ఆగుదామనుకున్ననే. ఆనాడు గూడ ఆగేదాన్నే, పిల్లకు పాలు రాలేదు."

ఇప్పుడు పేటలో ఆడవాళ్లకు ఆడ డాక్టర్లున్నారు, తెరలున్నాయి, బిడ్డ కడుపులో ఉండగానే ఫొటో తీసే మిషన్లున్నాయి. కిటికీ కింద వరుస ఎప్పుడో పోయింది, మనిషిని ముట్టనిదే వైద్యం లేదు. అవన్నీ చూసి సంతోషించాలి, సంతోషిస్తాను కూడా. కానీ ఎవరి లగ్గం కోసమో, ఎవరి పరువు కోసమో నొప్పి మింగి నిలబడే ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్క పోయి ఇరవై ఏళ్లు దాటింది, ఆ అలక నాది తప్పని మాత్రం ఆమెకు నేను ఒక్కనాడూ చెప్పలేదు.