చెప్పి పెట్టిన కూర

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను ఊక పొయ్యి కూరుతున్నాను. పోయిన నెల, ఒక శనివారం పొద్దున. రేకు డబ్బాలో ఊక గట్టిగా దట్టించి, నడుమ నిలబెట్టిన రోకలిని తిప్పుతూ మెల్లగా పైకి లాగుతున్నాను. ఆ పని చేసేటప్పుడు చెయ్యి వణికితే ఊక కూలి మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే ఫోను మోగినా తీయలేదు. రెండోసారి మోగితే తీశాను.

"అమ్మణ్ణీ, మీ అత్త లేవలేదు మే. కాపీ ఇద్దామని పోయి పిలిస్తే పలకలేదు" అంది మా అమ్మ. వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. వదినా మరదళ్ళు అన్నమాటే గానీ అక్కచెల్లెళ్ళ కంటే ఎక్కువగా పోట్లాడుకునేవాళ్ళు.

అక్కడే కూలబడి ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే మసాలా పట్టించిన మాంసం దబరాలో అలాగే ఉంది. దాన్ని పారబోస్తే ఆమె లేచి వచ్చి మరీ తిడుతుంది. పొయ్యి వెలిగించి, దబరా ఎక్కించి, మూత చుట్టూ పిండి పూసి, పక్కనున్న టీ కొట్టాయనకి ఒక కన్నేసి ఉంచమని చెప్పి బయలుదేరాను. అయిదు గంటలసేపు ఆ కూరకి నాతో పని లేదు. ఆ సంగతి నాకు నేర్పింది కూడా ఆమే.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల మీదుగా వెళ్ళినవాళ్ళు రోడ్డు పక్కన మా భోజనాల కొట్టు చూసి ఉంటారు. బోర్డు మీద "పెద్ద కూర" అన్న అక్షరాలు ఇంతింత లావున ఉంటాయి. అందులో "పెద్ద" అన్న మాట మా అత్త చేతి రాత. మాట ఎంత పెద్దదో అక్షరాలూ అంత పెద్దవిగా ఉండాలని ఆమె పట్టుబట్టింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, పెద్ద కూర అంటే గొడ్డు మాంసం. మేం వండేది దున్నపోతుది. మా ఇళ్ళల్లో తాతల నాటి నుంచీ ఆదివారపు కూర అదే.

అత్త కువైట్‌లో చాలా ఏళ్ళు వంట పని చేసి వచ్చింది. ఆమె పెట్టె విప్పిన రోజు ఊళ్ళో సగం మంది మా వరండాలోనే ఉన్నారు. గొలుసులు వస్తాయేమో, సెంటు సీసాలు వస్తాయేమోనని చూస్తుంటే, దుప్పట్ల మధ్య నుంచి ఒక బరువైన నల్లటి కుండ తీసింది. దానికి గాజు మూత, వెనక కరెంటు వైరు. "ఇదేంది వదినా, ఇన్నేళ్ళుండి కుండ మోసుకొచ్చినావా?" అని మా అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇది నిదానం కుండ. నీకూ ఇట్టాంటి బుద్ధుంటే బాగుణ్ణు" అంది అత్త. దాన్ని స్లో కుక్కర్ అంటారని మాకు చాన్నాళ్ళకి గానీ తెలియలేదు.

ఆదివారం ఆరాధనకి వెళ్ళబోయే ముందు దాంట్లో మాంసం వేసి స్విచ్ నొక్కేది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు వాసన. పాస్టరుగారు ప్రసంగం సాగదీసిన వారం కూర ఇంకా మెత్తగా ఉండేది. "ఆయన గొంతుకీ, దున్నపోతు పిక్కకీ లంకె ఉండాది" అనేది అత్త.

ఆ కూర మా వంట కాదు. కువైట్‌లో ఆమెతో పాటు అదే ఇంట్లో పనిచేసిన ఫిలిప్పీన్స్ అక్క దగ్గర నేర్చుకుంది. సోయా సాసు, వెనిగరు, వెల్లుల్లి, రవంత తీపి. మాంసం ఎముక వదిలేదాకా ఉడికించి, పీచు పీచుగా విడదీసి, ఆ రసంలోనే మళ్ళీ కలపడం. ఇక్కడికొచ్చాక అత్త దాన్ని మా చేతికి అందేటట్టు మార్చింది. పంచదార బదులు బెల్లం. వెనిగరు బదులు చింతపండు. సోయా సాసు మాత్రం నూడుల్స్ బండివాళ్ళు కొనే సీసానే, అది చవక. మాంసంలో కూడా ఎవరూ అడగని పిక్క ముక్క తెచ్చేది. "మెత్తటి ముక్క ఎవురైనా వండుతారు. మొండి ముక్కని మెత్తన చేసేదాన్ని గదా వంటమనిషి అనేది" అనేది.

నేను మొదటిసారి ఆ కూర వండి పాడు చేశాను. నెల్లూరిదాన్ని గదా, చెయ్యి ఊరుకోలేదు. చేపల పులుసుకి పోసినట్టు చెంబెడు నీళ్ళూ, చింతపండు పులుసూ ముందే పోసేశాను. దానికి తోడు గంటకోసారి మూత తీసి చూశాను. మధ్యాహ్నానికి చారులో చెప్పు ముక్కలు తేలినట్టు తయారైంది. అత్త ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది.

"నీళ్ళెందుకు పోసినావు?"

"మాడిపోద్దేమోనని."

"ముక్క కాడ దాని నీళ్ళు దానికుంటాయి మే. కాస్త ఓపిక పట్టు, అదే ఇడుస్తాది. పులుపు ముందు పడితే ముక్క మొండికేస్తాది, ఆఖర్న ఎయ్యి. మూత తీసినావంటే గంట పోయినట్టే."

ఆ మూడు మాటల మీదే ఈరోజుకీ నా కొట్టు నడుస్తోంది. ఈ కూర నాకంటే బాగా వండేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఎందుకంటే ఆ గొప్ప నాది కాదు.

కొట్టు సంగతికొస్తాను. నేను రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసేదాన్ని. షెడ్డు మూతపడింది. చేతిలో వేరే పని లేదు. రోడ్డు పక్కన నాలుగు రేకులు వేసి భోజనాలు మొదలుపెట్టాను. అన్నం, పప్పు, చేపల పులుసు అందరూ పెట్టేవే. నా దగ్గరే తినాలని ఎవరికేం పట్టింది? అది నిలబడకపోతే నాకు ఊరు వదిలి పని వెతుక్కోవడం తప్పదు. అప్పుడు అత్త తన కూర నాకిచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట కువైట్ కుండ పనికిరాదు, పైగా అది చిన్నది. ఆమె ఆలోచించి ఊక పొయ్యి పెట్టించింది. మిల్లుల దగ్గర ఊకకి కరువు లేదు. ఒకసారి గట్టిగా కూరి వెలిగిస్తే, మంట లేకుండా కణకణమంటూ గంటల తరబడి ఒకే తీరున కాలుతుంది. "మన తాతలకి కూడా నిదానం కుండ ఉండింది. మనం కువైట్ దాకా పోయి కనుక్కోవాల్సి వచ్చింది" అని నవ్వింది.

బోర్డు మీద పెద్ద కూర అని రాయమంది. నేను "పీచు కూర" అని రాయించాను. చూసేవాళ్ళు ఏదో కొత్త వంట అనుకుని ఆగుతారు గదా అని నా తెలివి.

ఆ తెలివే నా మెడకు చుట్టుకుంది. రెండో వారం, మధ్యాహ్నం వేళ, తీరాన ఉన్న పాలెం నుంచి చేపలు పట్టే ఒకన్న వచ్చి కూర్చున్నాడు. పక్కాయన విస్తరి చూసి ఆయన మొహం వెలిగింది.

"అక్కా, సొర పిట్టు చేసిండావే! నాకూ రెండు గరిటెలు ఎయ్యి."

మా తీరంలో సొరచేపని ఉడకబెట్టి, పొడిపొడిగా చిదిపి చేసే కూర అది. దూరం నుంచి చూస్తే పీచులు తీసిన మా మాంసమూ అలాగే ఉంటుంది. పాలెంవాళ్ళు పెద్ద కూర ముట్టరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ వేశాను. ఆ రోజు పొద్దుటి నుంచి దబరా సగం కూడా ఖాళీ కాలేదు. ఆయనే అడిగాడు, నేను సొర అనలేదు గదా అని లోపల సర్దిచెప్పుకున్నాను.

ఆయన కలిపి ముద్ద ఎత్తాడు.

"అబ్బయ్యా, ఆగు. చెయ్యి దించు" అంటూ వెనక నుంచి అత్త వచ్చింది. నీళ్ళ బిందె కూడా దించలేదు. "అది సొర కాదు నాయనా. పెద్ద కూర."

ముద్ద విస్తట్లో పడింది. ఆయన అత్త వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "తెలిసే ఏసినావా అక్కా?"

తెలియదని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. "తెలిసే ఏసింది. తప్పు మాది" అంది అత్త. ఆయన లేచి, బయట చెయ్యి కడుక్కుని, కడుక్కుని, మళ్ళీ కడుక్కుని వెళ్ళిపోయాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అత్త అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"నేను కువైట్ పోయిన మొదటి రోజు, ఆకలికి కళ్ళు తిరగతా ఉంటే ఆ ఫిలిప్పీన్స్ అక్క గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. నాకు ఆమె బాస రాదు, ఆమెకి నా బాస రాదు. నేను చెయ్యి పెట్టబోతే గిన్నె ఎనక్కి లాగేసింది. రెండు వేళ్ళు ఇట్టా నెత్తిన పెట్టుకుని అంబా అని అరిచింది." అత్త రెండు చూపుడువేళ్ళూ తలకి అటొకటీ ఇటొకటీ కొమ్ముల్లా నిలబెట్టి చూపించింది. "తింటావా, తినవా అని అడగతా ఉండాది. తింటానని తలూపినాక గదా పెట్టింది! బాస లేనామె చెప్పి పెట్టింది. అంత బాస ఉండి నువ్వు నోరు మూసుకున్నావు. నువ్వు కడుపు నింపేదానివా, కళ్ళు కప్పేదానివా?"

సాయంత్రం తనే పెయింటు డబ్బా తెచ్చి, బోర్డు మీద "పీచు" కొట్టేసి "పెద్ద" అని రాసింది. మర్నాటి నుంచి కొందరు రావడం మానేశారు. పప్పన్నం తినేవాళ్ళు కూడా మానేశారు. వాళ్ళని తప్పుపట్టలేను. కొట్టు ఇక మూసెయ్యాల్సిందేనని నేను దిగులుపడుతుంటే, అత్త రెండో పొయ్యి కట్టించింది. దబరాలు వేరు, గరిటెలు వేరు, వడ్డించే చోటు వేరు. పెద్ద కూర గరిటెకి ఎర్రదారం కట్టింది. గుంటల మీద పనికి ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకి తెలుగు రాదు. వాళ్ళు ఆ దబరా వైపు వస్తే నెత్తిన రెండు వేళ్ళు పెట్టి అంబా అనేది. వాళ్ళు పడీపడీ నవ్వేవాళ్ళు. తినేవాళ్ళు తలూపేవాళ్ళు, తిననివాళ్ళు దణ్ణం పెట్టి పులుసు వైపు జరిగేవాళ్ళు.

పదిరోజులు పోయాక పాలెం అన్న మళ్ళీ వచ్చాడు. చేతిలో సంచి. అందులోంచి మూరెడు సొరచేప తీసి అత్త ముందు పెట్టాడు.

"ఇదక్కా సొర అంటే. బాగా చూసుకోండి. దీన్ని పిట్టు చెయ్యండి, వేరే దబరాలో."

"మళ్ళీ మా కాడికే వచ్చినావే అబ్బయ్యా?" అంది అత్త.

"బయట యాడ తిన్నా ఏం పెడతా ఉండారో తెలీదు. ఈడైతే నోటికాడ ముద్దైనా ఆపి చెప్తారు."

ఆ తర్వాత ఆయన తన పడవవాళ్ళని తెచ్చాడు, వాళ్ళు ఇంకొందర్ని. వారానికి రెండుసార్లు సొర ఆయనే తెచ్చిపెడతాడు. కొట్టు నిలబడింది. నా వంటతో నిలబడిందని నేను కొన్నాళ్ళు అనుకున్నాను గానీ, అది నిజం కాదు.

అత్త వంట మానేసిన తర్వాత కూడా రోజూ వచ్చి పొయ్యి పక్కన కూర్చునేది. నేను మూత మీద చెయ్యి వేయబోతే దగ్గేది, అంతే. ఇప్పుడు ఆ దగ్గు వినపడదు. అయినా చెయ్యి ఆగుతోంది.

మూడో రోజు ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టాం. ప్రార్థన అయ్యాక భోజనాలు. ఒక పక్క పెద్ద కూర, ఇంకో పక్క సొర పిట్టు, రెండూ నేనే వండాను. సొర పాలెం నుంచి పొద్దున్నే వచ్చింది. అన్ని కులాలవాళ్ళూ వచ్చారు, గుంటల మీది పిల్లలూ వచ్చారు. వరస కదిలేసరికి నాకు దుఃఖం ముంచుకొచ్చి గరిటె పట్టుకోలేకపోయాను. వచ్చినవాళ్ళకి ఏది ఏదో చెప్పేవాళ్ళెవరని గాభరాపడి తలెత్తాను.

దబరాల మధ్య పాలెం అన్న నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎర్రదారం గరిటె తను ముట్టలేదు, వేలితో చూపిస్తూ ఒక్కొక్కరికీ చెప్తున్నాడు. "ఇది పెద్ద కూర. అది సొర. చూసి పెట్టించుకోండి." వరసలో ఒడిశా కుర్రవాళ్ళు ముందుకొచ్చారు. ఆయన ఒక క్షణం తడబడ్డాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, రెండు వేళ్ళు తలకి అటూ ఇటూ కొమ్ముల్లా నిలబెట్టి, అంబా అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా, వాళ్ళు తలూపేదాకా ఆయన ఆ వేళ్ళు దించలేదు.