దోమలకు భయపడని బావగారు

మొన్న డాలస్ పక్కన ప్లేనోలో మా పెద్దమ్మాయి ఇంటికి వెళితే, వంటింటి గట్టు మీద ఒక మందుల సంచీ కనబడింది. వేసవి సెలవులకు పిల్లల్ని తీసుకుని ఇండియా వెళుతున్నారు కదా, మలేరియా రాకుండా ముందుజాగ్రత్తకని డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలట. మా అల్లుడు ఆ సంచీని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "మన ఊరికి మనం వెళ్ళడానికి కూడా టాబ్లెట్సా అత్తయ్యా, టూ మచ్ కదా!" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. డెబ్భైల చివర్లో ఈ దేశానికి వచ్చిపడ్డ నా ఈడువాళ్ళందరూ ఏదో ఒక పెద్దమనిషి డ్రాయింగు రూములో అచ్చం ఇలాంటి నవ్వే వినివుంటారు. నేను విన్నది మా బావగారి నోట.

బావగారంటే మా వారి అన్నగారు, డాలస్‌లో గుండె డాక్టరు. గుండెల సంగతి ఆయనకు బాగానే తెలుసు, కాదనను. అయితే గుండె తెలిసినవాడికి వంకాయ బేరం దగ్గరనుంచి వాన రాకడ దాకా అన్నీ తెలుసునని ఆయన గట్టి నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! మా తోటికోడలు, నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని, ఆయన కనుసన్నల్లో మెలిగే మనిషి. కూరలో ఉప్పు చాలిందో లేదో కూడా ఆయన మొహం చూసి తెలుసుకునేది. వాళ్ళకి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కొడుకు అప్పటికి ఆరేళ్ళవాడు.

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి రెండు కుటుంబాలవాళ్ళమూ పార్వతీపురం బయలుదేరాం. కొండల పక్కనున్న ఊరు, చలిజ్వరాలకు పెట్టింది పేరు. నేను పుట్టి పెరిగింది ఆ ప్రాంతమే. చిన్నప్పుడు ఆ జ్వరం వచ్చి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం కోళ్ళు టకటకలాడేలా వణికినదాన్ని. అందుకే మా డాక్టరుని అడిగి క్లోరోక్విన్ మాత్రలు రాయించుకున్నాను. వారం వారం వేసుకోవాలి, ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, తిరిగి వచ్చాక కూడా కొన్ని వారాలు మానకూడదు అని ఆయన గట్టిగా చెప్పాడు. చేదు విషం! మా ఆడపిల్లలిద్దరికీ జామ్‌లో నూరి కలిపి, ముక్కు మూసి మింగించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చేది. బావగారికి ఆ సంగతి చెప్పబోతే పకపకా నవ్వి, "మనం ఆ దోమల మధ్యే పెరిగాం అమ్మాయ్, రెసిస్టెన్స్ మన బ్లడ్‌లోనే ఉంటుంది" అన్నారు. కొడుకు ఒంట్లో ఉన్నది డాలస్ ఆసుపత్రిలో పుట్టి, ఏసీలో పెరిగిన రక్తమని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఆ మాటకొస్తే, ఏళ్ళ తరబడి ఊరికి దూరమైన పెద్దవాళ్ళ ఒంట్లోనూ పాత బలం మిగలదని మా డాక్టరు నాకే చెప్పాడు, గుండె డాక్టరుకు ఎవరు చెబుతారు?

పెళ్ళివారింటి తీరు ఇంకా బాగుంది. అంతకు ముందే మలేరియావాళ్ళు వచ్చి గదుల గోడలకు మందు కొట్టి వెళితే, పెళ్ళిల్లు కళకళలాడాలని దాని మీద చక్కగా సున్నం వేయించి, ఆ మందు పనిచేయకుండా కప్పేశారు. పెరట్లో గంగాళాల్లో నీళ్ళు మూత లేకుండా రోజుల తరబడి నిలవ ఉండేవి. నేను మేకులు కొట్టించి దోమతెర కట్టి, పొద్దు వాలకముందే పిల్లలకు నిండా చేతులున్న గౌన్లు తొడిగి, వేపాకు పొగ వేస్తుంటే, అమెరికా దొరసానమ్మకి దోమలంటే ఎంత భయమోనని చుట్టాలంతా ఒకటే వేళాకోళం. పోతే పోనీండి, మాటలు కుడితే జ్వరం రాదు కదా.

బావగారు మాత్రం దోమతెర కట్టనివ్వలేదు. "తెర కడితే డాక్టరుగారికి పోజెక్కువైందంటారు" అన్నారు. రాత్రి పెళ్ళి పందిట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మెళ్ళో కెమెరా వేలాడేసుకుని తిరిగిన మనిషికి దోమతెర దగ్గరికి వచ్చేసరికి పోజు అడ్డొచ్చింది! తాగే నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవే కావాలి, ఫలహారానికి పెట్టెలో తెచ్చుకున్న కార్న్‌ఫ్లేక్సే కావాలి. పిల్లవాణ్ణి అరుగు మీద ఒంటి మీద చొక్కా లేకుండా పడుకోబెట్టి, వాడెంత కలిసిపోయాడో చూడండని పదిమందికీ చూపించారు. అక్కయ్య చాటుగా నా దగ్గరకొచ్చి, ఈ ఊరి డాక్టరును కనుక్కుని వాడికీ మాత్ర వేద్దామా అని అడిగింది. ఆ మాట ఆయన చెవిన పడింది. నా కొడుక్కి మందు నేను చెప్పాలి అని నలుగురిలో కసిరితే, ఆవిడ తలవంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డాలస్ తిరిగి వచ్చాక, బడులు తెరుస్తారనగా పిల్లవాడికి జ్వరం తగిలింది. బావగారు ఫ్లూ అని తేల్చేశారు. కాస్త తగ్గితే చూశావా అనడం, మళ్ళీ వణికితే వైరస్ అనడం. చివరికి వాడి కళ్ళు పచ్చబడి, మగతలో పడి, తల్లిని గుర్తుపట్టడం మానేశాక గాని ఆసుపత్రికి తీసుకువెళ్ళలేదు. మేమూ పరుగెత్తాం. ఒక కుర్ర డాక్టరు పరీక్ష చేస్తూ, ఈమధ్య ఏవైనా పరాయి దేశాలకు వెళ్ళివచ్చారా అని అడిగాడు. బావగారు తడుముకోకుండా "నో" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అక్కయ్య ముందుకొచ్చింది. "ఇండియా. వెళ్ళాం. పెళ్ళికి. దోమలు, ఒళ్ళంతా దోమలు. టాబ్లెట్ వెయ్యలేదు" అంది, వచ్చీరాని ఇంగ్లీషులో. బావగారు తెలుగులో నోర్ముయ్యమన్నారు. ఆవిడ ముయ్యలేదు. ఆయన వైపు చూడనైనా చూడకుండా, అదే మాట ఇంకా గట్టిగా, ఆ వరండా అంతా వినబడేలా చెప్పింది. కుర్ర డాక్టరు అప్పటికప్పుడు రక్తం తీసి పరీక్షకు పంపించాడు. మలేరియాయే, అందులోనూ ప్రాణాంతకమైన రకం. ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యగలిగిందేమీ ఉండేది కాదన్నారు.

పిల్లవాడు బతికాడు. బావగారు మాత్రం పెళ్ళాంతో చాలాకాలం మాట్లాడలేదు. కొడుకు చావు దాకా వెళ్ళినందుకు కాదు, తనకన్నా చిన్న డాక్టరు ముందు పరువు తీసినందుకు! ఇండియా మనిల్లు, పరాయి దేశమెలా అవుతుందని మా వారితో వాదన కూడా పెట్టుకున్నారు. అంత చదువు చదివి ఏం లాభం? అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని బడి మొహం చూడని మా అమ్మమ్మకు తెలిసినంత కూడా తెలియలేదాయనకు.

ఇప్పుడు కాలం మారింది. మా అమ్మాయి, మొగుడు నవ్వుతుండగానే, ఆ సంచీ తీసి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అది చూస్తే నాకు అక్కయ్య గుర్తొచ్చింది.

బావగారు ఎప్పుడో పోయారు. అక్కయ్య పోయినేడు పోయింది. డాలస్ దగ్గరే కాపెల్‌లో హాలు తీసుకుని సంస్మరణ సభ పెడితే, మైకు అందుకున్న ప్రతివాడూ భర్త మాట జవదాటని ఇల్లాలని పొగిడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. భోజనాల దగ్గర ఆవిడ కొడుకును, ఇప్పుడు జుట్టు నెరిసిన మనిషి, పక్కకు పిలిచి ఆసుపత్రి సంగతంతా చెప్పాను. వాడు పళ్ళెం పక్కన పెట్టేశాడు.

"అదేంటి పిన్నీ, అది మలేరియా అని డాడీయే కదా కనిపెట్టింది? ఆయన ఎప్పుడూ అలాగే చెప్పేవారు. అమ్మ పక్కనే కూర్చుని వినేది."